వలస మొదలైతే సహకారం నిలుస్తుందా? మీ లాప్‌టాప్‌లో మీరే తేల్చుకోండి

చీటీ పాడుకుని, డబ్బు చేతికి రాగానే ఇల్లు ఖాళీ చేసి చెక్కేసినవాడి కథ దాదాపు ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. మళ్ళీ మొహం చూపించాల్సిన అవసరం లేకపోతే ఎగ్గొట్టడం తేలిక. అదే వీధిలో "ఈ జనంతో మనం వేగలేం" అని వేరే చోటికి మారిపోయే మంచివాళ్ళూ ఉంటారు. అంటే వెళ్ళిపోగలగడం మోసం చేసేవాడికీ పనికొస్తుంది, మోసపోయినవాడికీ పనికొస్తుంది. ఇద్దరిలో ఎవరిది పైచేయి అవుతుందనేది అసలు ప్రశ్న.

పరిణామ శాస్త్రంలో ఈ ప్రశ్నను బాక్టీరియా, వైరస్‌లు, జంతువులు, మనుషులు అందరి గురించీ అడుగుతారు. దీని గురించి పది వ్యాసాలు చదవడం కంటే ఒక చిన్న సిమ్యులేషన్ రాసి చూసుకుంటే విషయం బాగా వంటబడుతుంది. పైథాన్ కొద్దిగా వస్తే చాలు. అదీ రాకపోతే నెట్‌లోగో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాని మోడల్స్ లైబ్రరీలో ప్రిజనర్స్ డైలమా (సహకరించాలా, స్వార్థం చూసుకోవాలా అని ఇద్దరు తేల్చుకునే ఆట) సిద్ధంగా దొరుకుతుంది, దాన్నే మార్చుకుంటూ పోవచ్చు. కోడ్ జోలికి వెళ్ళే ముందు మాత్రం ఒక గళ్ళ కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

1. ముందు ఆట ఏమిటో తేల్చుకోండి

ఇద్దరు ఎదురుపడితే నాలుగు సందర్భాలు వస్తాయి. ఇద్దరూ సహకరిస్తే చెరో 1 పాయింటు. ఒకరు సహకరించి, రెండోవాడు స్వార్థం చూసుకుంటే సహకారికి 0, స్వార్థికి 1 కంటే ఎక్కువ. ఆ ఎక్కువను "ఎర" అందాం, ఇప్పటికి 1.6 పెట్టుకోండి. ఇద్దరూ స్వార్థులైతే ఇద్దరికీ 0. శాస్త్రవేత్తలు మార్టిన్ నోవాక్, రాబర్ట్ మే 1992లో వాడిన లెక్క ఇదే. మార్చాల్సిన అంకె ఒక్కటే, ఎర. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇంతకంటే సులువైన ఆట లేదు.

ఎవరైనా ఎవరితోనైనా ఆడగలిగే జనాభాలో ఈ ఆట ఎలా ముగుస్తుందో చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు. సహకారులు ఎంతమంది ఉన్నా స్వార్థికి వచ్చేది ఎప్పుడూ ఎక్కువే, కాబట్టి చివరికి వాళ్ళే మిగులుతారు. కథ మారేది పొరుగు అనేది వచ్చాకే.

2. పొరుగును గీయండి

100 అడ్డం, 100 నిలువు గడుల పట్టిక తీసుకోండి. ఒక్కో గడిలో ఒక్కో జీవి. చుట్టూ ఉన్న 8 గడులే దాని పొరుగు, ఆట వాళ్ళతోనే. కుడి అంచును ఎడమ అంచుతో, పై అంచును కింది అంచుతో కలిపేయండి. అలా చేయకపోతే మూలల్లో ఉన్నవాళ్ళకు పొరుగువాళ్ళు తక్కువై ఫలితం వంకర పోతుంది.

ప్రతి రౌండులో అందరూ తమ పొరుగుతో ఆడతారు, పాయింట్లు కూడుకుంటారు. తర్వాత ప్రతి గడీ తననూ తన 8 మందినీ చూసుకుని, ఎక్కువ పాయింట్లు వచ్చినవాడి పద్ధతిని తీసుకుంటుంది.

3. వలస లేకుండా చేత్తో ఒక్క రౌండు ఆడండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. దాటేయకండి. మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

గళ్ళ కాగితం మీద స్వార్థుల మధ్యలో 3×3 సహకారుల గుంపు గీయండి. నడిమి సహకారికి 8 మంది పొరుగూ సహకారులే, అతనికి 8 పాయింట్లు. నాలుగు మూలల వాళ్ళకు తలా 3. మూలల మధ్యనున్న నలుగురికి తలా 5. ఇప్పుడు గుంపు బయటకు రండి. ఒక పక్క సరిగ్గా మధ్యలో ఆనుకున్న స్వార్థికి ముగ్గురు సహకారులు తగులుతారు, 3 × 1.6 = 4.8. మూలకు ఎదురుగా పక్కనున్న స్వార్థికి ఇద్దరే, 3.2. మూలకు ఐమూలగా ఉన్నవాడికి ఒక్కడే, 1.6.

4.8 వచ్చిన స్వార్థికి పక్కనే 5 వచ్చిన సహకారి కనిపిస్తాడు, మనవాడు మారిపోతాడు. 3.2 వచ్చినవాడికీ ఆ 5 కనిపిస్తుంది, అతనూ మారిపోతాడు. ఐమూలగా ఉన్నవాడికి మాత్రం 3 వచ్చిన సహకారి, 3.2 వచ్చిన స్వార్థులు కనిపిస్తారు, ఉన్నచోటే ఉంటాడు. లోపలి తొమ్మిది మందీ నడిమివాడి 8 చూసి మారరు. 9 మంది గుంపు ఒక్క రౌండులో 21 అయింది.

ఎర 1.7 చేసి మళ్ళీ లెక్కేయండి. ఈసారి 3 × 1.7 = 5.1, అది 5ని దాటింది. గుంపు పెరగదు, చావదు, 9 దగ్గరే బిగుసుకుంటుంది. మీ కోడ్ ఈ రెండు జవాబులూ ఇచ్చేదాకా ముందుకు వెళ్ళకండి.

ఇంకో పరీక్ష కూడా ఉంది. నోవాక్, మే తమ మోడల్లో ప్రతి జీవి తనతో తాను కూడా ఒకసారి ఆడినట్టు లెక్కేశారు. ఆ మార్పు చేసి, ఎరను 1.8కీ 2కీ మధ్య పెడితే తెరమీద ముగ్గుల్లాంటి ఆకారాలు ఆగకుండా మారుతూ ఉంటాయి. అయినా సహకారుల వాటా సగటున 0.318 దగ్గరే తిరుగుతుంది. మీకూ అంతే వస్తే కోడ్ బాగున్నట్టే. అయ్యాక ఆ మార్పు తీసేసి పాత లెక్కకు రండి.

4. ఇప్పుడు ఒక్కరిని కదిలించండి

ఎర మళ్ళీ 1.6. అదే 3×3 గుంపు. నడిమి సహకారిని ఎక్కడో దూరంగా ఉన్న స్వార్థితో చోటు మార్పించండి. ఒక్కసారే.

నడిమిలోకి వచ్చిన స్వార్థికి చుట్టూ 8 మంది సహకారులు, 8 × 1.6 = 12.8. మిగిలిన ఎనిమిది మందికీ వాడు పొరుగే, ఎనిమిది మందీ వాణ్ణి చూసి మారిపోతారు. బయట స్వార్థుల మధ్య పడిన సహకారికి 0, పక్కవాళ్ళకు 1.6, అతనూ మారిపోతాడు. ఒక్క రౌండులో 21 కావాల్సినవాళ్ళు సున్నా అయ్యారు.

ఇక మూలనున్న సహకారిని అలాగే మార్పించి చూడండి. మూలకొచ్చిన స్వార్థికి 4.8. కానీ అతని పక్కనే నడిమి సహకారి 7 పాయింట్లతో ఉన్నాడు. తర్వాతి రౌండులో ఆ కొత్తవాడే సహకారిగా మారిపోతాడు, గుంపు మానుకుంటుంది.

రెండుసార్లూ కదిలినవాళ్ళ సంఖ్య ఒకటే, కదిలిన దూరం దాదాపు ఒకటే. ఫలితం మాత్రం చావు ఒకచోట, గీత పడటం ఒకచోట. అందుకే "వలస ఎక్కువైతే సహకారం తగ్గుతుందా" అని అడిగితే జవాబు సగమే దొరుకుతుంది. వెళ్ళినవాడు ఎక్కడినుంచి వెళ్ళాడు, వెనక ఏ పొరుగు తెగింది, కొత్త చోట ఏ పొరుగు దొరికింది అని అడగాలి. ఇక్కడి నుంచి మీరు రాయబోయే కోడంతా ఆ ప్రశ్న కోసమే.

మధ్యలో ఒక మాట. ఇలాంటి పట్టిక చూపించి "బయటివాళ్ళు వస్తే ఊరు పాడవుతుంది" అని వాదించేవాళ్ళు తగులుతారు. పై లెక్కలో చోటు మారినవాళ్ళిద్దరిలో ఒకడు సహకారే, అతను పోవడం వల్లే గుంపు నడుం విరిగింది. ఇది మనుషుల మంచిచెడ్డల లెక్క కాదు, పొరుగు తెగడం గురించిన లెక్క.

5. పద్ధతి మార్చుకునే నియమం మీద శ్రద్ధ పెట్టండి

వలస కోడ్ రాసే ముందు ఇది తేల్చుకోవాలి. లేకపోతే వచ్చిన ఫలితం వలస వల్ల వచ్చిందో, నియమం వల్ల వచ్చిందో తెలియదు.

"పొరుగులో బాగా సంపాదించినవాణ్ణి అనుకరించు" అనే నియమం మరీ మొండిది. 0.1 తేడా ఉన్నా పూర్తిగా మారిపోతుంది. అంతకంటే మెత్తనిది, ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఫెర్మి నియమం. ఒక పొరుగువాణ్ణి ర్యాండమ్‌గా ఎంచుకుని, ఇద్దరి పాయింట్ల తేడా పెరిగేకొద్దీ అనుకరించే అవకాశం పెరిగేలా పెడతారు. అప్పుడప్పుడు తక్కువ వచ్చినవాణ్ణి కూడా అనుకరించే పొరపాటుకు చోటుంటుంది.

మూడో దారి చావు, పుట్టుక. ఒకరు చనిపోతే ఆ ఖాళీ కోసం పొరుగువాళ్ళు పోటీపడతారు. దీని మీద హిసాషి ఒహ్‌త్సుకి, నోవాక్, మరికొందరు 2006లో ఓ అందమైన ఫలితం చెప్పారు: సహకారం వల్ల అవతలివాడికి కలిగే మేలును సహకారికయ్యే ఖర్చుతో భాగిస్తే వచ్చేది, సగటు పొరుగువాళ్ళ సంఖ్య కంటే ఎక్కువగా ఉండాలి. నలుగురే పొరుగైతే మేలు ఖర్చుకు 4 రెట్లు దాటాలి. జనాభా పెద్దదై, ఆట ప్రభావం స్వల్పంగా ఉన్నప్పుడు ఈ లెక్క వర్తిస్తుంది. వరస తిప్పేసి, ముందు ఒకరు పిల్లను కని ఆ పిల్ల పొరుగులో ఒకర్ని తోసేసేలా పెడితే మాత్రం ఎంత మేలున్నా సహకారానికి మొగ్గు రాదు. అదే జనాభా, అదే ఆట, పుట్టుక చావుల వరస ఒక్కటే వేరు.

అందరూ ఒకేసారి మారడమా, ఒకరి తర్వాత ఒకరా అన్నది కూడా ముఖ్యమే. నోవాక్, మే చూపించిన ముగ్గులు అందరూ ఒక్క క్షణంలో మారడం మీద ఆధారపడ్డాయని, ఒకరి తర్వాత ఒకర్ని మారిస్తే సహకారం కుప్పకూలే సందర్భాలున్నాయని 1993లో హ్యూబర్‌మన్, గ్లాన్స్ చూపించారు. నా సలహా: 3, 4 మెట్ల చేతి లెక్క వరకు మొండి నియమం, ఆ తర్వాత అన్నిటికీ ఫెర్మి నియమం, ఒకరి తర్వాత ఒకరు.

6. వలసను విడివిడిగా చేర్చండి

ఒకేసారి అన్నీ పెట్టకండి. ఒక్కో రకం వలసకు ఒక్కో ఫైలు చేసుకోండి.

మొదటి రకం గుడ్డి వలస. ప్రతి రౌండులో ఒక్కో జీవికి కొంత అవకాశం ఇచ్చి, ఇంకొకరితో చోటు మార్పించండి. ఆ అవకాశమే వలస రేటు. 10,000 గడుల్లో రేటు 0.001 అంటే రౌండుకు సుమారు 10 మార్పిడులు జరుగుతాయి. ఇందులో మళ్ళీ రెండు: పక్క గడితో మార్చుకోవడం, పట్టికలో ఎక్కడివాడితోనైనా మార్చుకోవడం. రెండూ రాయండి. దూరపు మార్పిడి పొరుగును చాలా తొందరగా చెరిపేస్తుంది, రేటు పెంచితే మీ పట్టిక "ఎవరైనా ఎవరితోనైనా" ఆడే జనాభాలా తయారవుతుంది.

రేటును రౌండుకు ఎన్ని కదలికలని మాత్రమే చూస్తే చాలదు. ఒకడు రెండుసార్లు పద్ధతి మార్చుకునే మధ్యలో ఎన్నిసార్లు చోటు మారాడన్నది చూడాలి. ఒకచోట కుదురుకుని గుంపు కట్టే టైమ్ దొరికిందా లేదా అనేది ఆ నిష్పత్తిలోనే తెలుస్తుంది. కోడ్‌లో ఈ నిష్పత్తినే పారామీటర్‌గా పెట్టుకోండి.

రెండో రకానికి ఖాళీ గడులు కావాలి. పట్టికలో 30 నుంచి 50 శాతం ఖాళీ ఉంచి, పక్కన ఖాళీ ఉంటే అటు జరగనివ్వండి. ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం ఎదురవుతుంది. గుడ్డిగా జరిగినా సరే, కొన్ని సాంద్రతల దగ్గర కదలిక సహకారాన్ని పెంచుతుందని 2007లో వైన్‌స్టైన్, సిల్వా, అరెన్‌జోన్ చూపించారు. చెల్లాచెదురుగా ఉండిపోయిన సహకారులు ఒకరికొకరు తగలడానికి ఆ కదలికే దారి.

మూడో రకం చూసి వెళ్ళడం. సులువైన రూపం అథీనా అక్టిపిస్ 2004లో పరీక్షించినది: అవతలివాడు మోసం చేస్తే లేచి వెళ్ళిపో, చేయకపోతే ఉండు. జ్ఞాపకాలు, శిక్షలు ఏమీ అక్కర్లేదు. కొంచెం బరువైన రూపం డిర్క్ హెల్బింగ్, వెంజియన్ యు 2009లో ఇచ్చారు. అందులో జీవి తన చుట్టుపక్కల ఖాళీల్లో ఎక్కడ ఎక్కువ పాయింట్లు వస్తాయో చూసుకుని అక్కడికి మారుతుంది, ఆ తర్వాత మామూలుగా అనుకరిస్తుంది. పొరపాట్లు జరిగే లోకంలో అనుకరణ ఒక్కటే ఉంటే సహకారం నిలవలేదు, వలస ఒక్కటే ఉన్నా నిలవలేదు. రెండూ కలిస్తే, దాదాపు అందరూ స్వార్థులున్న చోట కూడా సహకారం రాజుకుంది. మీరు కూడా మూడు పరుగులు పెట్టండి: అనుకరణ మాత్రమే, వలస మాత్రమే, రెండూ.

పట్టిక బదులు దీవులుగా ఆలోచించేవాళ్ళు స్యూవాల్ రైట్ నమూనా తీసుకోవచ్చు. చాలా దీవులు, ఒక్కో దీవిలో కొందరు, తరానికి కొంత వాటా బయటికి. లాభనష్టం లేని జన్యువుల విషయంలో దీవుల మధ్య తేడా ఎంత మిగులుతుందో చెప్పే ఆయన సూత్రంలో, 4ను దీవి జనాభాతో, వలస రేటుతో గుణించి, 1 కలిపి, ఆ మొత్తంతో 1ని భాగించాలి. తరానికి సగటున ఒక్కరు వస్తే జవాబు ఐదో వంతు. దీవి ఎంత పెద్దదైనా అంతే, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది వచ్చినవాళ్ళ సంఖ్య. ఒక్కరే కదా అని తీసిపారేయడానికి లేదు.

7. పరుగులు పెట్టండి

వలస రేటును 0, 0.001, 0.01, 0.1, 1 అంటూ పది రెట్ల అంగల్లో పెంచండి. సమానమైన అంగల్లో పెంచితే అసలు మలుపు మొదటి అంగలోనే దాటిపోతుంది. ఒక్కో రేటుకు 20 పరుగులు, ఒక్కోదానికి వేరే ర్యాండమ్ సీడ్. 5,000 రౌండ్లు నడిపి చివరి 1,000 మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

సగటు ఒక్కటే రాసుకుని ఊరుకోకండి. పది పరుగులు సున్నా దగ్గర, పది పరుగులు 80 శాతం దగ్గర ఆగితే సగటు 40 అని వస్తుంది, కానీ 40 శాతం ఎక్కడా జరగలేదు. ఒక్కో పరుగుకు ఒక్కో చుక్క పెట్టి గ్రాఫ్ గీయండి.

8. తలలు లెక్కపెడితే చాలదు, పొరుగును కొలవండి

సహకారుల శాతం ఏం జరిగిందో చెబుతుంది. ఎందుకు జరిగిందో చెప్పే కొలత వేరే ఉంది. సహకారుల పొరుగు గడుల్లో సహకారులు ఎంత శాతమో చూడండి. స్వార్థుల పొరుగులో సహకారులు ఎంత శాతమో చూడండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. సున్నా వస్తే పొరుగుకు అర్థం పోయినట్టే, అందరూ కలగలిసిపోయారు. ఎక్కువ వస్తే ఒకేరకం వాళ్ళు ఒకచోట చేరినట్టు.

మన 3×3 గుంపులో మొదటి అంకె చేత్తో చూద్దాం. తొమ్మిది మందికి కలిపి 72 పొరుగు గడులు, వాటిలో సహకారులున్నవి 40, అంటే 56 శాతం. మూలవాడు వెళ్ళాక 34, 47 శాతానికి దిగింది. నడిమివాడు వెళ్ళాక 24, అంటే 33 శాతం. నాలుగో మెట్టులో చూసిన తేడా ఈ అంకెల్లో అలాగే కనిపిస్తుంది.

విలియం హామిల్టన్ 1964లో చెప్పిన సూత్రానికి ఇది దగ్గరి చుట్టం: మేలును దగ్గరితనంతో (ఇద్దరి మధ్య జన్యు చుట్టరికంతో) గుణిస్తే ఖర్చును దాటాలి. అలాగని "వలస తగ్గితే దగ్గరితనం పెరుగుతుంది, కాబట్టి సహకారం పెరుగుతుంది" అని తేల్చేయకండి. ఈ బోల్తా చాలామంది పడతారు. ఎవరూ ఎక్కడికీ కదలకపోతే, మీరు సాయం చేసిన చుట్టం రేపు ఖాళీ జాగా కోసం పోటీపడేది మీతోనే, మీ చుట్టాలతోనే. పీటర్ టేలర్ 1992లో ఒక సాదా నమూనాలో ఈ రెండూ సరిగ్గా కొట్టుకుపోతాయని, దగ్గరితనం వల్ల వచ్చిన లాభాన్ని పోటీ మొత్తం తినేస్తుందని చూపించారు. మీ కోడ్‌లో వలస రేటు మార్చినా సహకారం కదలకపోతే, బగ్ అనుకుని టెన్షన్ పడేముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

9. బతికున్న జీవులతో పోల్చండి

బెంజమిన్ కెర్ బృందం 2006లో నేచర్ పత్రికలో వేసిన ప్రయోగం మీ గుడ్డి వలస ఫైలుకు సరిగ్గా సరిపోతుంది. 96 గుంటల ప్లేట్లలో ఈ కోలై బాక్టీరియాను, దాన్ని తినే టీ4 ఫేజ్ వైరస్‌ను పెట్టి, ఒక గుంట నుంచి ఇంకో గుంటకు వలసను రోబోతో చేయించారు. కొన్నిట్లో పక్క గుంటలకే, కొన్నిట్లో ఎక్కడికైనా. ఎక్కడికైనా వెళ్ళగలిగిన చోట దొరికిన బాక్టీరియానల్లా ఆబగా ఊడ్చేసే వైరస్ పైకొచ్చింది. పక్కకే వెళ్ళగలిగిన చోట నిదానంగా తిని, మందను మిగుల్చుకునే వైరస్ నిలిచింది. ఒకే గుంటలో ఇద్దర్నీ కలిపితే గెలిచేది ఆబగాడే. వలస దగ్గర్లోనే జరిగితే మాత్రం వాడు తన చుట్టూ ఉన్న తిండిని తానే అవగొట్టుకుని ఆరిపోతాడు.

కెర్ వాళ్ళే 2002లో మూడు రకాల ఈ కోలైతో రాయి, కాగితం, కత్తెర ఆట ఆడించారు. ఒక రకం విషం తయారుచేస్తుంది, ఒకటి దానికి చస్తుంది, ఒకటి తట్టుకుంటుంది. కదపకుండా ఉంచిన ప్లేటులో మూడూ నిలిచాయి. ఫ్లాస్కులో కలిపేస్తే తట్టుకునే రకం ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత 2007లో రైఖెన్‌బాఖ్, మొబిలియా, ఫ్రై సిమ్యులేషన్‌లో చూస్తే, కదలిక ఒక హద్దు లోపల ఉన్నంతవరకు మూడు రకాలూ సుడులు తిరిగే అలల్లా కలిసి బతికాయి. కదలిక పెరిగేకొద్దీ సుడులు పెద్దవయ్యాయి, చివరికి పట్టికలో పట్టకుండా పోయి ఒక రకమే మిగిలింది. మీ పట్టికలో ఇది చేస్తే 100×100 చాలకపోవచ్చు. హద్దు కోసం వెతికేటప్పుడు పట్టిక సైజు కూడా మార్చి చూడండి.

10. గుంపుగా కదిలించండి

ఇంతవరకు ఒంటరిగానే కదిలించాం. పొరుగు తెగడమే చిక్కైతే, పొరుగుతో సహా కదిలితే? టేలర్ చెప్పిన చిక్కు కూడా ఇక్కడ సడలుతుంది, ఎందుకంటే దగ్గరివాళ్ళు కలిసే ఉంటారు, జాగా కోసం పోటీ మాత్రం కొత్తవాళ్ళతో పడుతుంది. రోల్ఫ్ కుమెర్లి బృందం 2009లో సూడోమోనాస్ బాక్టీరియాతో చూసింది ఈ సంగతే. ఇనుమును పట్టి తెచ్చే పదార్థాన్ని అందరి కోసం విడుదల చేసే రకం, గుంపులుగా విడిపోయి తరలినప్పుడు బాగా నిలదొక్కుకుంది.

కోడ్‌లో ఇది పెద్ద పని కాదు. ఒక గడికి బదులు 3×3 ముక్కనే తీసుకుని దూరపు 3×3 ముక్కతో మార్పించండి. పోలిక న్యాయంగా ఉండాలంటే రౌండుకు కదిలే మొత్తం తలలు సమానంగా ఉండాలి. కాబట్టి ముక్కల రేటును గుడ్డి వలస రేటులో తొమ్మిదో వంతు పెట్టండి. తర్వాత ముక్క సైజును 1, 3, 5, 7 అని మారుస్తూ, ఒక్కో సైజుకూ ఎనిమిదో మెట్టులోని పొరుగు కొలతను, సహకారుల శాతాన్ని పక్కపక్కన గీయండి. ముక్క చీలే గీత మీద ఉన్నవాళ్ళ పొరుగు మాత్రం ప్రతిసారీ తెగుతుంది, వాళ్ళను వేరే రంగులో చూపించుకుంటే స్వార్థం ఏ వైపు నుంచి లోపలికి దిగుతోందో తెరమీదే తెలిసిపోతుంది.